తుపాను షెల్టరే బడి అయినవేళ

1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు పరిసరాల్లో సుమారు 30 వేలమంది మరణించారు. 113 ఏళ్ల తరువాత, 1977 నవంబరు 19 శనివారంనాడు, సముద్రం దివిసీమపై విరుచుకుపడింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు పదివేలకు పైమాటే. తాటిచెట్టంత అల వచ్చిందని బ్రతికి బయటపడ్డవారు చెప్పుకున్నారు. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను జరిపించిన విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావుగారి సొంతసీమ అది!

తాటాకు కప్పునూ పెంకులనూ గాలి ఎగరగొడుతుంది. మట్టిగోడను నీరు కరిగిస్తుంది. అటువంటి బడి తనను తానే కాపాడుకోలేదు, ఇక పిల్లలనేం కాపాడుతుంది?

ఆ విపత్తు తరువాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు వెలిశాయి. వాటిలో ఎన్నో గుండ్రని కాంక్రీటు కట్టడాలు. మూలలు లేని గోడను గాలి ఒరుసుకొని పోతుంది. ఎత్తైన స్తంభాల నడుమనుండి ఉప్పునీరు సాగిపోతుంది. పైన జనం, వారికిపైన డాబా. ఏడాదిలో ఏ రెండు మూడు రోజులకో అక్కరకు వచ్చే భవనాన్ని మిగిలిన రోజుల్లో ఏం చేయాలి? అందులో బడి పెట్టడమే నా దృష్టిలో ఆ ప్రణాళికలోని అసలైన వివేకం. తాళం వేసి వదిలిన భవనంలో గబ్బిలాలు చేరతాయి. పిల్లలు నడిచే మెట్లు ఊడ్చబడతాయి, విరిగిన తలుపు ఎవరో ఒకరి కంట పడుతుంది.

1990 మే 9న అదే కృష్ణా తీరాన్ని అంతకు తీసిపోని తుపాను తాకింది. ముందుగా లక్షలాది మందిని తరలించినందువల్ల మృతుల సంఖ్య వేయి లోపే ఆగింది. ఆ ఘనత భవనాలది మాత్రమే కాదు. ఉపగ్రహాలు, రాడార్లు, రేడియో హెచ్చరికలు కూడా పాలుపంచుకున్నాయి. అయితే హెచ్చరిక విన్నవాడు పరుగెత్తి చేరడానికి ఒక చోటుండాలి గదా!

ఉప్పెన అన్న మాటలోనే ఉప్పు వినబడుతుంది. ఆ ఉప్పుగాలి కాంక్రీటులోకి దూరి ఇనుపచువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి పెచ్చులు రాలుస్తుంది. పెచ్చులూడిన చోట సున్నం కొట్టి సరిపెట్టడం మరమ్మతు కాదు. గదులు చాలడం లేదని క్రింది స్తంభాల నడుమ గోడలు లేపడం మరింత ప్రమాదం: సాగిపోవలసిన అలను అవి అడ్డుకొని, ఆ బలాన్నంతా స్తంభాలమీదికి తెస్తాయి. తాళంచెవి సంగతి సరేసరి. మాష్టారు పట్నంలో కాపురముంటే అర్ధరాత్రి తలుపు తీసేదెవరు? ఒక చెవి ఊళ్లోనే, బడికి దగ్గరి ఇంట ఉండాలి.