నేల టిక్కెట్టు మీద కరుణామయుడు

మా పల్లెలో సినిమా చూడటం పాపం. ఈ మాట మా పాస్టరయ్యగారు ఆదివారం ఆదివారం చెప్పేవారు. తాగుడు, పేకాట, చుట్ట, సినిమా - నాలుగింటినీ ఒక్క తాడుతో కట్టి నరకంలోకి దించేవారు. మేం వినేవాళ్లం, ఆమేన్ అనేవాళ్లం. పొద్దుగూకి టూరింగ్ టాకీసు మైకులో పాట మొదలవగానే చేలగట్ల మీద పరిగెత్తేవాళ్లం. అట్లాంటి అయ్యగారే 1979లో ఒక ఆదివారం గుడిలో నిలబడి, "రేపు అందరం సినిమాకి పోతన్నాం, టిక్కెట్టు డబ్బులు తెచ్చుకోండి" అన్నారు. ముసలాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మా నాయనమ్మ "అయ్యగారికి ఏవన్నా సోకిందేమో" అంది. మెల్లగా కాదు, అందరికీ వినపడేట్టే అంది.

ఆ సినిమా 'కరుణామయుడు'. 1978 డిసెంబరులో వచ్చింది. దర్శకుడు ఎ. భీంసింగ్ అది తెర మీదికి రాకముందే పోయాడు. యేసు వేషం విజయచందర్‌ది. మాటలు మోదుకూరి జాన్సన్ రాశాడు. మా గుంటూరు జిల్లా నాటకాలాయన. బైబిలు తెలుగు మాకు తెలుసు, 'నిశ్చయముగా మీతో చెప్పుచున్నాను' లాంటి తెలుగు. యేసు నోటి నుంచి అట్లాంటి తెలుగు కాకుండా మనిషి మాట్లాడే మాట రావడం అదే మొదలు వినటం.

ఆసామి ట్రాక్టరు అడిగితే ఇచ్చాడు, డీజిలు మీరే పోసుకోండన్నాడు. ట్రక్కులో నలభైమందిమి చీరాల పోయాం. ఆడాళ్లు తెల్లచీరలు కట్టి, గుడికి వేసుకున్నట్టే తలమీద ముసుగేసుకున్నారు. హాలు గుమ్మంలో నాయనమ్మ చెప్పులు లేని కాళ్లే అయినా తుడుచుకుని లోపలికొచ్చింది.

హాల్లో నేల, బెంచీ, కుర్చీ. మాది నేల. ఇది ఏ బోర్డు మీదా రాసిలేదు. మాదిగోళ్లు నేలమీదే కూచోవాలని టిక్కెట్లిచ్చేవాడు ఎప్పుడూ అనలేదు. చేతిలో డబ్బులున్నరోజున కూడా మా నాయన బెంచీ టిక్కెట్టు కొనలేదు. ఎందుకని అడిగితే "తెర దగ్గిరైతే బాగా కనపడుద్ది" అనేవాడు. మెడ నొప్పెట్టేట్టు తలెత్తి చూట్టం మా తరాల అలవాటు. ఆ రోజు అయ్యగారొక్కరే కుర్చీ టిక్కెట్టు కొన్నారు. పక్క కుర్చీలో ఆయన లేచి ఇంకో కుర్చీలోకి మారాడు. చీకట్లో నేను వెనక్కి తిరిగి చూశా గనక నాకు తెలుసు. అయ్యగారు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

మేకులు కొట్టేటప్పుడు నేలమీద ఏడుపు మొదలైంది. బెంచీల్లో కూడా ఏడ్చారు. కుర్చీల్లో కూడా ముక్కులు చీదుకున్న చప్పుడు వినపడింది. మాలో ఒకడికి తెల్లారి చేలో నీళ్లు పైనించి పోసే చేతులే ఆ రాత్రి కళ్లు తుడుచుకున్నాయి. దాన్ని దొంగ ఏడుపు అని నేననను. తెరమీద సిలువ మోసేవాడి కోసం ఏడవటానికి ఏ కులానికీ అడ్డం రాదు. ఆయన పచ్చగా, కోటేరు ముక్కుతో, కేలండరు మీది యేసులా ఉన్నాడు. నల్లగా, మా పెదనాయనలా ఉంటే ఎంతమంది ఏడ్చేవాళ్లో నేను చెప్పలేను.

1986లో అదే విజయచందర్ షిర్డీ సాయిబాబాగా వచ్చాడు. గోడమీద అంటించిన ఆ బొమ్మ చూసి నాయనమ్మ "మన ప్రభువు గుడ్డ చుట్టుకున్నాడేందిరా" అని నన్ను నిలదీసింది.

ఈ దేశంలో సినిమా పుట్టిందే యేసు సినిమాతో అని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నా. 1910 ప్రాంతంలో బొంబాయిలో ఫాల్కే క్రీస్తు జీవితం మీద తీసిన బొమ్మ చూశాడు. అది చూస్తున్నంతసేపూ ఆయన కళ్లముందు రాముడూ కృష్ణుడూ కదిలారట. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీశాడు. అందులో రాజు కాటికాపరి అవుతాడు. మా పనిని రాజు కొన్నాళ్లు చేస్తే పురాణం అయింది. మావాళ్లు పుట్టింది మొదలు చేస్తే అది కులం అయింది.

అసలు నన్ను పట్టుకుని వదలనిది యేసు సినిమా కూడా కాదు, 'మిస్సమ్మ'. 1955 సినిమా. ఎన్ని సార్లు వేసినా హాలు నిండేది. మంచి సినిమా. సావిత్రి మేరీ, రామారావు ఎం.టి. రావు. ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాల్లా నటిస్తారు. ఆ మేరీ మేరీమాతను తలుచుకుని పాడుతుంటే నేలమీద మా ఆడాళ్లు చేతులు జోడించేవాళ్లు. తెలుగు సినిమాలో ఒక కిరస్తానీ పిల్ల చదువుకుని, కోపంతో, పౌరుషంతో తలెత్తి నడిచింది. మాకంతకంటే ఏం కావాలి?

చివర్లో ఏమైంది? ఆ పిల్ల మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి. కాలి పుట్టుమచ్చ సాక్ష్యం. పెంచిన పాల్ గారు పక్కకి తప్పుకోవాల్సిందే. ఇక నిజం కిరస్తానీవాడిగా సినిమాలో మిగిలింది అప్పిచ్చి పెళ్లి చేసుకోమని వెంటపడే డేవిడ్. రమణారెడ్డిని చూసి మేమూ నవ్వాం. నవ్వి ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. రావు మేరీని చేసుకోవటానికి మేరీ మహాలక్ష్మి అవ్వాలా?

ఎందుకంటే నాకూ రెండు పేర్లు. గుడి రిజిస్టర్లో నేను యేసురత్నం. బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు నాయన్ని ఎగాదిగా చూసి, "యేసు అని రాస్తే పిల్లోడికి స్కాలర్‌షిప్ రాదు, హాస్టల్ రాదు" అన్నాడు. అన్నది నిజమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని కలపలేదు. బి.సి.లలో 'సి' అని ఒక గది కట్టి ఒక శాతం ఇచ్చారు. 2023 మార్చిలో ఆంధ్ర అసెంబ్లీ మమ్మల్ని ఎస్సీలుగా చూడమని కేంద్రానికి తీర్మానం పంపింది. నాయనకి ఇవన్నీ తెలియవు. "మీ ఇష్టం బాబూ" అన్నాడు. నేను వెంకటరత్నం అయ్యా. హిందూ మాదిగ. నాకు పుట్టుమచ్చ అక్కర్లేకపోయింది, హెడ్మాస్టరు కలం చాలింది. ఆదివారం ఒక పేరు, సోమవారం ఇంకో పేరు. బళ్లో ఎవడన్నా యేసురత్నం అని పిలిస్తే గుండె ఝల్లుమనేది. మహాలక్ష్మికి జమీందారీ వచ్చింది. వెంకటరత్నానికి హాస్టల్లో పురుగులన్నం వచ్చింది. అయినా ఆ అన్నంతోనే చదువుకున్నా, అబద్ధమాడను.

మిగతా సినిమాల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. క్లబ్బులో గౌనేసుకుని ఎగిరేది రోజీ, లేకపోతే జూలీ. మెళ్లో సిలువతో సారా గ్లాసు పట్టుకున్నవాడు స్మగ్లరు. గౌను వేసుకున్న కిరస్తానీ పిల్లని మా పల్లెలో నేనెప్పుడూ చూడలా. మా అమ్మ నేతచీర గోచీబిగించి నాట్లేసేది, గట్టుమీద కీర్తన పాడేది.

1985 జులైలో కారంచేడు జరిగింది. మావాళ్లు ప్రాణాలు అరచేతుల్లో పెట్టుకుని చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. నేను 'కరుణామయుడు' చూసిన ఊరే అది. ఆరేళ్లకి చుండూరు. 1991 జులైలో సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు వరసలో రెడ్డి కుర్రాడికి తగిలింది. మొదలు అక్కడ. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ కాలు మాట విన్నప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. తెర దగ్గిరైతే బాగా కనపడుద్దని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. నేలమీద కూచున్నవాడి ముందు వరస ఉండదు, కాలు ఎవడికీ తగలదు.

మా కథ సినిమాకి పనికిరాదనా? యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తానుగా యేసుని వెతుక్కుంటా పోయి ఒంగోలు క్లౌ దొరని కలిశాడు. 1876-78 కరువులో ఆ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలిచ్చి బతికించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది మునిగి లేచారు. కూటికోసం మునిగారని ఊరన్నది. కూడు ఒక్కటే అయితే మునిగినాక ఇన్ని దెబ్బలు తిని ఎందుకు నిలబడతారు? ఆ ఏరు, ఆ జనం నేను చూసిన ఏ సినిమాలోనూ లేరు.

ఎనభైల్లో ఒక రాత్రి పల్లెలోనే తెరగట్టి, పదహారు ఎం.ఎం. మిషను పెట్టి, 1979లో అమెరికావాళ్లు తీసిన 'జీసస్' తెలుగు మాటలతో వేశారు. ఊళ్లోవాళ్లు కూడా వచ్చి చింతచెట్టు కింద దూరంగా నిలబడ్డారు. ఈసారి నేలమీద మేం ముందూ, వాళ్లు వెనకా. అయిపోయినాక నాయనమ్మ కదల్లేదు.

"బాయికాడి పిల్ల ఏదిరా?" అంది.

సమరయ స్త్రీ సంగతి. యేసు దాహమని ఆమెని నీళ్లడుగుతాడు. నాయనమ్మకి బైబిల్లో కంఠతా వచ్చిన కథ అదొక్కటే. పడుచుదిగా ఉన్నప్పుడు ఊరిబావి దగ్గిర కడవ పెట్టుకుని, ఎవరో ఒక తల్లి వచ్చి చేది పోసిందాకా పూటపూటంతా నిలబడిన మనిషి. ఆ కథలో ఆమెకి దేవుడు సంగతి తర్వాత. ఒకడు అంటరాని దాని చేతి నీళ్లు అడిగాడు, అదీ ఆమెకి కావల్సింది.

అయ్యగారు నచ్చజెప్పారు. "ఈ సినిమా లూకా సువార్తని బట్టి తీశారమ్మా. బాయి కథ యోహాను నాలుగో అధ్యాయంలోది. అందుకని ఇందులో లేదు."

నాయనమ్మకి ఆ లెక్క ఎక్కలేదు. రీళ్లు చుట్టుకుంటున్న మిషను కుర్రాడి దగ్గిరికి పోయి భుజం మీద చెయ్యేసింది. "నాయనా, బాయి రీలు మర్చిపోయొచ్చినట్టుంది. ఈసారి అది తీసుకురా, నేనుంటా" అంది.

అతను "సరే మామ్మా" అన్నాడు.