పక్కింటికెళ్ళిన కార్డు

దొంగతనం అనగానే మనకి గుర్తొచ్చేవి బీరువా తాళాలు, మెళ్ళో గొలుసులు, పెరట్లో కోడిపెట్టలు. కార్డుముక్క తీసినవాణ్ణి కూడా దొంగంటారా అని నవ్వుతాం. మా రేపల్లె అమ్మమ్మ మాత్రం నవ్వేది కాదు.

నా చిన్నప్పటి మాట. బాపట్లలో మా పిన్నికి రెండో కాన్పుకి నెలలు నిండాయి. "అమ్మా, వెంటనే బయల్దేరి రా" అని 15 పైసల కార్డు రాసింది. ఆ కార్డు రేపల్లె దాకా క్షేమంగానే వచ్చి, పొరపాటున పక్కింటి గడపలో పడింది. ప్రహరీగోడ తగాదాతో అప్పటికే రెండిళ్ళకీ మాటల్లేవు. ఆ ఇల్లాలు కార్డు చదివి, పంచాంగంలో పెట్టి వూరుకుంది. అమ్మమ్మ వెళ్ళలేదు. "కన్నతల్లి పురిటికైనా రాలేదు" అని పిన్ని రెండేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూంటే పాత పంచాంగంలోంచి కార్డు జారిపడితేగాని అసలు సంగతి బయటపడలేదు.

తెనాలిలో ప్లీడరు గుమాస్తాగా వున్న మావయ్య ఆ మాట విని ఎగిరిపడ్డాడు. "ఇది మామూలు తప్పు కాదు. పోస్టాఫీసు చట్టం 68వ సెక్షను!" అన్నాడు.

ఆయన చెప్పింది 1898 నాటి చట్టం. మరొకరికి చేరవలసిన ఉత్తరాన్ని మోసంతో అట్టేపెట్టుకున్నా, కావాలని దాచినా రెండేళ్ళ వరకు జైలు, జరిమానా కూడా. తపాలా ఉద్యోగే ఉత్తరం దొంగిలిస్తే ఏడేళ్ళ వరకు. దొంగిలించనక్కర్లేదు, దాచినా, చింపినా, కాలవలో పారేసినా అదే శిక్ష. అధికారం లేకుండా విప్పి చూసినా, కావాలని ఆలస్యం చేసినా రెండేళ్ళ వరకు. టపా సంచి మోసేవాడు తాగి వున్నా, దారిలో కబుర్లేసుకు కూచున్నా 50 రూపాయల వరకు జరిమానా. ఆ రోజుల్లో 50 రూపాయలంటే మాటలా!

ఇంత కోపం ఎందుకంటారా? ఉత్తరాలు మోసే హక్కు, కొద్ది మినహాయింపులతో, సర్కారు తనకే వుంచుకుంది. 1879లో కానీ కార్డు, 1880లో పోస్టాఫీసు మనియార్డరు వచ్చాక, పేదవాడి కబురూ కష్టార్జితమూ ఆ సంచిలోనే నడిచాయి. జనానికి ఇంకో దారి లేనప్పుడు ఆ దారి భద్రంగా వుండాలి కదా. తమాషా ఏమిటంటే, అదే చట్టం 6వ సెక్షనులో, ఉత్తరం పోయినా ఆలస్యమైనా సాధారణంగా ప్రభుత్వానికి బాధ్యత లేదని రాసుకుంది. తీసినవాడికి జైలు, పోగొట్టుకున్నవాడికి నిట్టూర్పు!

ఆ చట్టం ఇప్పుడు లేదు. 2023 నాటి కొత్త పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18న అమల్లోకొచ్చింది. పాత శిక్షల సెక్షన్లు అందులో చోటుచేసుకోలేదు. ఇవాళ మన పార్శిలు ఎవరైనా ఎత్తుకుపోతే అది భారతీయ న్యాయ సంహిత కింద దొంగతనం, మూడేళ్ళ వరకు జైలు. ఇంట్లోంచి తీస్తే ఏడేళ్ళ వరకు. సరుకు 5,000 రూపాయల లోపుదై, దొంగకి అది మొదటి తప్పై, తీసింది తిరిగిచ్చేస్తే సమాజసేవతో సరి. ప్రభుత్వోద్యోగి తనకప్పగించిన దాన్ని కాజేస్తే మాత్రం యావజ్జీవం దాకా పడొచ్చు.

న్యాయమే. కానీ ఇందులో ఖరీదు ప్రసక్తి వచ్చింది చూశారా? పార్శిలుకి ఖరీదు కట్టొచ్చు. మా పిన్ని కార్డుకి ఏం కడతాం, 15 పైసలా? పాత చట్టం ఆ ప్రశ్న అడగలేదు. అది ఎవరిదో, ఎవరికి చేరాలో, అంతవరకే చూసింది.

ఇంతకీ మావయ్య కేసు పెడదామన్నాడు. "ఎన్నాళ్ళు వేస్తార్రా?" అనడిగింది అమ్మమ్మ. "రెండేళ్ళ దాకా" అన్నాడు.

"ఆ రెండేళ్ళూ నేను అనుభవించేశానుగా. మళ్ళీ ఆవిడకెందుకులే" అని, బాపట్ల వెళ్ళడానికి చీర మార్చుకుంది అమ్మమ్మ.