ఓడినవాళ్ళ అడవి

మేడారం మొదట ఓడినవాడు తలదాచుకున్న ఊరు. జాతరలో గద్దెల ముందు బెల్లం వాసనలో, జనసంద్రంలో నిలబడి సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం సమర్పించేటప్పుడు ఈ సంగతి గుర్తుకు రాదు. కథ మాత్రం అక్కడి నుంచే నడుస్తుంది. జగిత్యాల దగ్గరి పొలవాసను ఏలిన మేడరాజు కాకతీయుల చేతిలో ఓడాడు. రాజ్యం పోయింది. కట్టుబట్టలతో గోదావరి పక్క అడవి పట్టాడు. మేడారం అతన్ని ఎవరివని అడగలేదు. అన్నం పెట్టింది.

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో, 1163లో, కాకతీయ రుద్రదేవుడు ఓడించిన రాజుల నడుమ ఈ మేడరాజు పేరుంది. కథలో మేడారం మీదికి వచ్చేది అదే వంశపు ప్రతాపరుద్రుడు. ఆయన ఏలింది 1289 నుంచి 1323 దాకా. నడుమ నూరేళ్ళకు పైగా ఎడం. ఈ ఎడం చూసి కొందరు కథనే కొట్టేస్తారు. నాకు మాత్రం అందులో ఆ అడవి కోయల దుఃఖం కనిపిస్తుంది. ఏ ఏడు ఎవరిని కొట్టాడో గెలిచినవాడు రాతి మీద చెక్కించుకుంటాడు. దెబ్బ తిన్నవాళ్ళకు తాతల నాటి గాయమూ తమ గాయమూ ఒకటిగానే సలుపుతాయి. తరాల యుద్ధాలను కోయలు ఒక్క ఇంటి కథగా కట్టి గుండెలో దాచుకున్నారు. రాసుకున్న పుస్తకం లేదు. గుడ్డ పడిగెల మీది బొమ్మలూ, ఆ కథ పాడే డోలీల గొంతూ ఉన్నాయి. మణుగూరు దగ్గరి కూనవరం గాయకుడు సకిని రామచంద్రయ్య ఆ గొంతుల్లో ఒకరు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అలాంటి మనిషి పోయినప్పుడల్లా ఆ కథలో కొన్ని పుటలు మట్టిలో కలుస్తాయి.

ఆ ఇంటి కథ ఇది. వేటకు వెళ్ళిన కోయ దొరలకు పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప దొరికింది. గూడేనికి తెచ్చి సమ్మక్క అని పేరు పెట్టుకున్నారు. పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్ళాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. సారలమ్మ భర్త గోవిందరాజు. మేడారాన్ని ఏలే పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు, ఏటా కప్పం కట్టాలి.

ఒక ఏడు వాన పడలేదు. మరో ఏడూ పడలేదు. వరసగా కరువు. రామప్ప, లక్నవరం వంటి చెరువులు తవ్వించిన రాజుల ఏలుబడే అది. కానీ ఆ చెరువుల నీళ్ళు కోయగూడేల దాకా రాలేదు. ఇప్పపువ్వు ఏరుకుని, అడవి దుంపలు తవ్వుకుని కడుపు నింపుకునే జనం దగ్గర కప్పం ఎక్కడిది? పగిడిద్దరాజు కట్టలేనన్నాడు. ఓరుగల్లుకు అది ధిక్కారంగా వినిపించింది. మంత్రి యుగంధరుడితో సహా సేన కదిలింది.

మాఘమాసం. అడవిలో మోదుగులు పూసే కాలం. విల్లంబులు పట్టినవాళ్ళ మీదికి గుర్రాలూ ఏనుగులూ వచ్చాయి. పగిడిద్దరాజు కూలాడు. గోవిందరాజు కూలాడు. సారలమ్మ, నాగులమ్మ కత్తి వదలకుండానే ఒరిగారు. ఆ కబురు విన్న జంపన్న శత్రువుకు చిక్కనని సంపెంగ వాగులో దూకాడు. ఆనాటి నుంచి అది జంపన్న వాగు. ఈనాటికీ మొక్కు చెల్లించేవాళ్ళు ముందు ఆ నీళ్ళలో మునిగే గద్దెల దాకా నడుస్తారు. భక్తుడి మొదటి స్నానం ఒక కొడుకు చావులో జరుగుతుంది.

భర్తా బిడ్డలూ అల్లుడూ పోయాక మిగిలింది తల్లి ఒక్కతే. ముఖాముఖి నిలిచి ఆమెను గెలవలేకపోయారు. వెనక నుంచి పొడిచారు. నెత్తురు కారుతుండగా ఆమె చిలుకలగుట్ట వైపు నడిచింది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు మనిషి కనబడలేదు. పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. శవం కూడా దొరకని ఆ తల్లికి కోయలు వేరే గుడి కట్టలేదు. ఆ భరిణెనే కళ్ళకద్దుకున్నారు.

గెలిచినవాడి కథ ఆ అడవి దగ్గర ఆగలేదు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు కోటను పట్టుకున్నాయి. ప్రతాపరుద్రుణ్ణి బందీ చేసి ఉత్తరానికి నడిపించాయి. ఆయన ఢిల్లీ చేరలేదు. దారిలో నర్మదా తీరాన ప్రాణం విడిచాడని విలస తామ్రశాసనం చెబుతుంది. సొంత మట్టి కూడా దక్కలేదు. ఆయన తమ్ముడు అన్నమదేవుడు మిగిలినవాళ్ళను వెంటబెట్టుకుని గోదావరి దాటి బస్తర్ అడవుల్లో కొత్త రాజ్యం కట్టుకున్నాడని అక్కడి వంశగాథ. మేడరాజు ఒకనాడు నడిచిన దారే అది. అడవి మళ్ళీ చోటిచ్చింది. ఓడించినవాడి వంశమనీ చూడలేదు.

ఆ బస్తర్ నుంచే, ఈ కాలంలో, జనం ఇటు నడిచి వచ్చారు. 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలయ్యాక అటూ ఇటూ తుపాకుల నడుమ ఊళ్ళు కాలాయి. అక్కడి గుత్తికోయలు బిడ్డల్ని భుజాన వేసుకుని రాత్రిళ్ళు నడిచి ఖమ్మం, వరంగల్ అడవులకు చేరారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పేనాటికి ఇక్కడ పుట్టిన పిల్లలు మాటలు నేర్చారు. మేడారం ఉన్న తాడ్వాయి మండలంలోనూ వాళ్ళ గుంపులు వెలిశాయి. వాళ్ళు పలికే మాట మేడారం పూజారుల తాతలు పలికిన కోయ మాటకు చుట్టమే. పోడు కొట్టుకుని, చెలిమె నీళ్ళు తాగి, మిరప కల్లాల్లో కూలికి పోయి బతుకుతున్నారు. వలస వచ్చినవాళ్ళు గనుక ఇక్కడ గిరిజనులుగా లెక్కకు రారు. భూమికి పట్టా లేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచ గుంపు గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చారు. చిలుకలగుట్ట ఉన్న అడవే అది.

అడవి తరిగిపోతోందన్న బాధ నాకూ ఉంది. చెట్టు నిలవాలి. కానీ చెట్టు పేరుతో నీడ కోల్పోయిన ఆ మనుషుల పేర్లు ఏ పడిగె మీద ఎక్కుతాయి?

రెండేళ్ళకోసారి జాతరలో, మాఘ పున్నమి వేళకు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వచ్చి గద్దె చేరతారు. చెదిరిన ఇల్లు నాలుగు రోజులు ఒక్కచోట కూడుతుంది. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగివచ్చేటప్పుడు ప్రభుత్వ లాంఛనంగా పోలీసులు గాలిలోకి కాల్పులు జరుపుతారు. ఎదురుకోళ్ళు ఎగురుతాయి, శివసత్తులు ఊగిపోతారు. లక్షల గొంతులకు ఆ చప్పుడు తల్లి వచ్చిందన్న కబురు. లోపలి అడవిలో, గుడిసె ముందు, బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన ఒక అమ్మ ఆ చప్పుడు వింటే మొదట బిడ్డను దగ్గరికి లాక్కుంటుంది.

నాలుగో రోజు వనప్రవేశం. తల్లి అడవికి తిరిగి వెళ్తుంది. ఆ అమ్మ ఉన్న వైపుకే.