వీడియోను పొదుగుట – దాచుట

అంతర్జాలములో ఒక పుటను తెరచినప్పుడు నాలుగు మాటల క్రింద ఒక వీడియో కనబడును. అది ఆ పుటలోనే ఉన్నదని చూచువారు తలచెదరు. చాలసార్లు అది నిజము కాదు. పుట ఒక కంప్యూటరులోను, వీడియో మరొక కంప్యూటరులోను ఉండును. ఈ ఏర్పాటు ఎట్లు వచ్చినదో తెలిసికొనదగినది.

2000 జనవరిలో అమెరికాలో ఆడమ్ కోంట్రాస్ అనునతడు తన ప్రయాణ విశేషములను ఆప్తులకు తెలుపుటకై వెబ్ పుటలో వీడియోను ఉంచెను. వ్యక్తిగత వీడియో దినచర్యలకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. ఆ దినములలో ఎవరి వీడియోను వారే అద్దె సర్వరులో ఉంచుకొనవలసి వచ్చెడిది. ఇందులో రెండు చిక్కులు కలవు. 50 మెగాబైట్ల వీడియోను 1,000 మంది చూచినచో సర్వరు 50,000 మెగాబైట్లు, అనగా సుమారు 50 గిగాబైట్లు పంపవలెను. చూచువారు పెరిగినకొలది ఖర్చు పెరుగును. పైగా ఒక కంప్యూటరులో ఆడిన వీడియో మరొక దానిలో ఆడకపోవుట సామాన్యము.

2005 ఫిబ్రవరిలో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావేద్ కరీం అను ముగ్గురు యూట్యూబ్‌ను స్థాపించిరి. ఆ ఏప్రిల్ 23న అందులో చేరిన తొలి వీడియో నిడివి 19 సెకండ్లు. ఈ సంస్థ ఇతరుల వీడియోలను ఉచితముగా దాచి, అన్ని కంప్యూటరులలో ఆడునట్లు మార్చి, వాటిని ఎవరి పుటలోనైనను పొదుగు వీలు కల్పించినది. ఉంగరములో పొదిగిన రాయి ఉంగరములోనే ఉండును. పొదిగిన వీడియో మాత్రము తన చోటనే ఉండును. పుటలో చేరునది దాని చిరునామా, కొలతలు తెలుపు కొన్ని పంక్తులు మాత్రమే. బ్రౌజరు ఆ పంక్తులను చదివి, వీడియోను యూట్యూబ్ సర్వరు నుండి తెచ్చి ఆ చట్రములో చూపును. పంపు ఖర్చు పుట యజమానిపై పడదు.

ఈ సౌకర్యము పల్లెలకును చేరినది. నేటి జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ను ప్రారంభించెను. అంతవరకు కూలిపనులు చేసికొనిన గంగవ్వ దానివలన తెలుగువారందరికి పరిచితురాలయ్యెను. 2016లో మస్తానమ్మ వంటలను చూపు ‘కంట్రీ ఫుడ్స్’ ఆరంభమయ్యెను. ఆమె 2018లో మరణించినను, ఆమె వంట తీరు వీడియోలలో నిలిచినది.

అయితే దాచువాడు తలుపు మూసినచో ఏమగును? 2005లో పుట్టిన గూగుల్ వీడియో 2012లోను, అదే యేట పుట్టిన బ్లిప్ 2015లోను మూతపడినవి. అట్టి సేవ నుండి వీడియో తొలగినచో, దానిని పొదిగిన పుటలలో ఖాళీ చట్రమే మిగులును. 2020 చివర ఫ్లాష్ అను పాత సాధనము నిలిచిపోగా, దానిపై ఆధారపడిన పొదుగులును పనికిరాకపోయెను.

గద్వాలలోని ఒక పాఠశాల, నూలు చీరకు పట్టు అంచును కలిపి నేయు విధానమును చిత్రీకరించినదనుకొందము. ముందుగా నేతగాని అనుమతి తీసికొనవలెను. మూల ప్రతిని రెండు డిస్కులలో, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచవలెను. తేదీ, ఊరు, చూపిన పని వ్రాసి ఉంచవలెను. పిమ్మట యూట్యూబ్‌లో చేర్చి, పాఠశాల పుటలో పొదుగవచ్చును. రేపు ఆ సేవ మారినను వీడియోను మరొక చోట చేర్చి, పుటలో చిరునామా మార్చిన చాలును. మూల ప్రతి లేనిచో, ఆ నేతను తిరిగి చూపుటకు ఏమియు మిగులదు.