తెలుగు సినిమా టాక్

సినిమా చూసి వచ్చినవాళ్లు దాని బాగోగుల గురించి ఒకరితో ఒకరు చెప్పుకునే మాటలను, ఆ మాటలన్నీ కలిసి తేల్చే తీర్పును తెలుగునాట ‘టాక్’ అంటారు. పత్రికల్లో సమీక్ష రాసేది కొద్దిమంది. టాక్‌లో మాత్రం టికెట్టు కొన్న ప్రతి ఒక్కరికీ పాలుంటుంది. టాకీల తొలినాళ్ల నుంచి నేటి దాకా తెలుగు సినిమా జయాపజయాలను నిర్ణయిస్తూ వచ్చిన బలాల్లో ఇది ముఖ్యమైనది. కాలంతో పాటు దాని వేగమూ, వేదికా మారాయి కానీ దాని విలువ తగ్గలేదు.

తొలి దశాబ్దాలు

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఆ దశాబ్దంలో వచ్చిన పౌరాణిక చిత్రాల కథలు, పద్యాలు నాటకాల పుణ్యమా అని జనానికి అప్పటికే కంఠతా వచ్చు. అందుకే హాలు బయట కథ గురించి మాట్లాడుకోవాల్సింది పెద్దగా ఉండేది కాదు. పద్యం ఎవరు బాగా పాడారు, పాత్రకు ఎవరు సరిపోయారు అన్నదే ముచ్చట. 1936లో ద్రౌపది కథతోనే ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’, ‘ద్రౌపదీ మానసంరక్షణం’ పోటాపోటీగా రావడంతో రెండింటినీ పక్కపక్కన పెట్టి బేరీజు వేసే అవకాశం ప్రేక్షకులకు దొరికింది.

గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) ఈ ముచ్చటను సమాజం మీదికి మళ్లించాయి. అస్పృశ్యత గురించి, జమీందారీ గురించి సినిమా హాలు ముందు వాదులాడుకునే రోజులొచ్చాయి. ‘రైతుబిడ్డ’పై జమీందార్లు అభ్యంతరం చెప్పారు. కొన్నిచోట్ల దాని ప్రదర్శనను నిషేధించారు కూడా.

పత్రికల్లో ప్రేక్షకుడు

తెలుగులో తొలితరం సమీక్షకులు సినిమా అంటే ప్రాణం పెట్టిన ప్రేక్షకులే. కమలాకర కామేశ్వరరావు ‘కృష్ణాపత్రిక’లో ‘సినీఫాన్’ పేరుతో సమీక్షలు రాసేవారు. తర్వాత మద్రాసు వెళ్లి ‘నర్తనశాల’ (1963) వంటి పౌరాణికాలకు దర్శకుడయ్యారు. ఆంధ్రపత్రికలో పనిచేస్తూ 1950లలో చురుకైన సమీక్షలు రాసిన ముళ్లపూడి వెంకటరమణదీ అదే దారి. హాస్యానికి, విసుర్లకు పేరుపడ్డ ఆయన కలం నుంచే కన్నీళ్లు పెట్టించిన ‘రక్తసంబంధం’ (1962) సంభాషణలు వచ్చాయి. కొడవటిగంటి కుటుంబరావు సినిమాను కథగా, కళగా, వ్యాపారంగా విడదీసి చూపే వ్యాసాలు రాశారు.

1966లో ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’, ఆ తర్వాత ‘జ్యోతిచిత్ర’ రావడంతో పాఠకుల ఉత్తరాలకు, ప్రశ్నలు-జవాబుల శీర్షికలకు చోటు పెరిగింది. ఎక్కడో పల్లెలో ఉన్న అభిమాని పోస్టుకార్డు మీద రాసి పంపిన అభిప్రాయం రాష్ట్రమంతా చదివే పత్రికలో అచ్చయ్యేది. మరోవైపు ఫిలిం సొసైటీలు విదేశీ చిత్రాలను తెప్పించి చూపి, తర్వాత సభ్యులంతా కూర్చుని చర్చించుకునే అలవాటు నేర్పాయి.

హాలు దగ్గర

టాక్ పుట్టేది మాత్రం హాలు గేటు దగ్గరే. ఒక ఆట వదిలి ఇంకో ఆటకు టికెట్లిచ్చే ఆ కాసేపు దానికి పట్టుగొమ్మ. లోపల నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అంటూ వేరువేరుగా కూర్చున్న జనమంతా ఒకే గేటు గుండా బయటికొస్తారు. క్యూలో ఉన్నవాళ్లు ‘ఎలా ఉందన్నా?’ అంటూ వాళ్ల మొహాల వంక చూస్తారు. ‘బొమ్మ అదిరింది’, ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ లాగింది’, ‘ఒకసారి చూడొచ్చు’, ‘డబ్బులు దండగ’ వంటి నాలుగు ముక్కల్లో తీర్పు వచ్చేస్తుంది. నడుస్తూ చెప్పే మాట కాబట్టి అంతకన్నా పొడుగుంటే కుదరదు. ‘హిట్ టాక్’, ‘డివైడ్ టాక్’, ‘యావరేజ్’, ‘పైసా వసూల్’ వంటి మాటలు వ్యాపారుల నోటి నుంచి జనం నోటికీ, జనం నోటి నుంచి వ్యాపారుల నోటికీ పాకినవే.

పంపిణీదారు తరఫున హాలుకు వచ్చిన ప్రతినిధి రోజువారీ వసూళ్ల లెక్క రాసుకోవడంతో పాటు, జనం ఏ పాటకు బయటికెళ్లారో, ఏ మాటకు ఈల వేశారో కూడా గమనించేవాడు. తొలిరోజు వచ్చేది అభిమానులు. రెండో మూడో రోజు మ్యాట్నీకి ఆడవాళ్లు, పిల్లలతో కుటుంబాలు కదిలాయంటే సినిమా నిలబడ్డట్టే లెక్క.

అప్పట్లో ప్రింట్లు తక్కువ. సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడి, వారాలు నెలలు గడిచాక చిన్న ఊళ్లకూ, డేరా హాళ్లకూ చేరేది. చుట్టపుచూపుగా పట్నం వెళ్లొచ్చినవాళ్లు కథంతా చెప్పేసేవారు. అలా సినిమా రీళ్ల పెట్టె ఊళ్లోకి రాకముందే టాక్ వచ్చేసేది.

నోటిమాట నిలబెట్టిన సినిమాలు

నోటిమాట బలానికి ఒక పెద్ద నిదర్శనం ‘శంకరాభరణం’. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ఈ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పేరున్న హీరో లేడు. ప్రధాన పాత్రధారి జె.వి. సోమయాజులు అప్పటికి రెవెన్యూ శాఖ ఉద్యోగి. కథంతా శాస్త్రీయ సంగీతం చుట్టూ తిరుగుతుంది. మొదటి ఆటలకు హాళ్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. చూసిన కొద్దిమందే ఊరంతా చెప్పారు. రోజులు గడిచేకొద్దీ జనం పెరిగి, చివరికి తెలుగు రాని రాష్ట్రాల్లో కూడా తెలుగులోనే ఆడింది.

1990 మే 9న, తీవ్ర తుపాను తీరం దాటిన రోజునే, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది. వానలకు, వరదలకు జనం అడుగు బయటపెట్టలేని పరిస్థితి. అయినా వాన తెరిపివ్వగానే టాక్ దాన్ని ఘన విజయంగా మార్చింది. ఈ రెండు సినిమాలకూ హాళ్లలో కొన్నాళ్లు ఆగే వీలు దొరికిందన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

తెర మీద, చేతిలో

1995లో జెమిని, ఈటీవీ వంటి ఉపగ్రహ చానళ్లు మొదలయ్యాక హాలు గేటు ముందుకు మైకు వచ్చింది. ప్రేక్షకుడి అభిప్రాయం మొదటిసారి అతని గొంతుతోనే ఇంటింటా వినిపించింది. ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చాక అమెరికాలోని తెలుగువాళ్లు ఈ చర్చలో ముందువరుసకు వచ్చారు. ఇక్కడ విడుదలకు ముందే అక్కడ ప్రీమియర్లు పడుతుండటంతో తొలి టాక్ చాలాసార్లు డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో తెల్లారేసరికి ఇక్కడికి చేరుతోంది. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హాళ్లు టాక్‌కు కేంద్రమైతే, ఇప్పుడు శుక్రవారం ఉదయం ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందు కెమెరాలు బారులు తీరుతున్నాయి.

డిజిటల్ ప్రొజెక్షన్ రావడం అసలు మలుపు. ప్రింట్ల కొరత తీరి పట్నం, పల్లె అన్న తేడా లేకుండా ఒకే రోజు విడుదల సాధ్యమైంది. వంద రోజుల ఆట పోయి మొదటి మూడు రోజుల వసూళ్లే ప్రాణమయ్యాయి. దాంతో వారాల మీద పండే తీర్పు ఇంటర్వెల్‌కే వెలువడుతోంది.

వివాదాలు

తొలి ఆట టాక్‌లో అభిమానుల పోరు కలిసిపోవడం పాత సమస్యే. ఇప్పుడు పేరు, ముఖం లేని ఖాతాల వల్ల అది పదింతలైంది. సినిమా చూడకుండానే పొగిడేవాళ్లు, తెగిడేవాళ్లు తయారయ్యారు. విడుదలైన వెంటనే పనిగట్టుకుని చేసే ప్రతికూల సమీక్షల అంశం 2023లో కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. అందరికన్నా ముందే చూడాలన్న ఆరాటానికి విషాదమూ తోడైంది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్లో ‘పుష్ప 2’ ప్రీమియర్ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు.

మారే తీర్పులు

2010 అక్టోబరులో వచ్చిన ‘ఖలేజా’ హాళ్లలో నిలబడలేదు. టీవీలో మళ్లీ మళ్లీ చూసిన ప్రేక్షకులు అందులోని సంభాషణలను నోటికి తెచ్చుకున్నారు. 2022 ఆగస్టులో ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న రీరిలీజుల వరుసలో 2025 మేలో ‘ఖలేజా’ తిరిగి విడుదలైతే అభిమానులు హాళ్లు నింపారు. 2022 జూన్ 1న అమెరికాలో ‘ఆర్ఆర్ఆర్’ను ఒక్క రాత్రి కోసం మళ్లీ ప్రదర్శించినప్పుడు, తెలుగు రాని ప్రేక్షకులు కూడా దాని గురించి నోరారా చెప్పుకున్నారు. 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ను తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. చూస్తూ ఏడ్చినవాళ్లు తెగిపోయిన అన్నదమ్ముల బంధాల గురించి మాట్లాడుకున్నారు.

మొదటి రోజు టాక్ వసూళ్లను ఆపగలదు, పెంచగలదు. సినిమా విలువను తేల్చేది మాత్రం చూసినవాళ్లు ఏళ్ల తరబడి, ఎవరూ అడగకుండానే, ఇంకొకరికి చెప్పే మాటే.