జహీరాబాద్ ప్రాంతంలో క్రైస్తవ మతస్వీకారం

నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనూ, దానికి ఆనుకుని ఉన్న మెదక్, వికారాబాద్, బీదర్ ప్రాంతాల్లోనూ మాల, మాదిగ కుటుంబాలు 19వ శతాబ్దం చివరి దశకాల నుంచి క్రైస్తవంలో చేరుతూ వచ్చాయి. ఈ చేరికను ఒక్కొక్క మనిషి మనసు మారిన కథగా చదివితే సగమే అర్థమవుతుంది. ఇక్కడ నిర్ణయం మొత్తం వాడది, చుట్టరికానిది. ఈ విషయంలో తెలంగాణ పల్లె మొదటి శతాబ్దాల క్రైస్తవానికి దగ్గరగా ఉంది.

అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఫిలిప్పీ పట్టణపు లూదియ ఒంటరిగా బాప్తిస్మం పొందలేదు, ఆమె ఇంటివారందరూ పొందారు. అదే ఊరి చెరసాల అధికారి ఇంట్లోనూ అంతే. మధ్యధరా తీరాల్లో కొత్త విశ్వాసం ఇళ్ళ గుండా, పనివాళ్ళ గుండా, బానిసల గుండా పాకింది. దాదాపు 112లో బితూనియ అధికారి ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో, ఇది పట్టణాలు దాటి పల్లెలకూ వ్యాపించిందని ఫిర్యాదు చేశాడు. సంఘ పరిచారకులుగా ఉన్న ఇద్దరు దాసీలను హింసించి విచారించానని కూడా రాశాడు. అట్టడుగువారి మతమని దాన్ని ఎగతాళి చేసినవారూ ఆనాడే ఉన్నారు. తర్వాతి కాలంలో సంఘం జాగ్రత్త పడింది. మూడో శతాబ్దపు రోము ఆచారాన్ని చెప్పేదిగా పేరున్న ఒక గ్రంథం, బాప్తిస్మానికి ముందు మూడేళ్ళ బోధ అవసరమంటుంది. ఎవరిని, ఎప్పుడు, ఎంత నేర్చుకున్నాక చేర్చుకోవాలన్న ప్రశ్న పదహారు వందల ఏళ్ళ తర్వాత తెలుగు నేల మీద మళ్ళీ లేచింది.

తెలుగునాట ప్రొటెస్టెంటు మిషన్ల పని 1805లో విశాఖపట్నంలో మొదలైంది. తొలి దశాబ్దాల్లో మిషనరీల చూపు చదువుకున్న అగ్రకులాల మీద ఉండేది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ నడిపిన బడిలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు అట్టుడికింది, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ యువకులకు సొంత ఇంటి తలుపులు మూసుకుపోయాయి. ఒక్కడిగా మతం మారడానికి తెలుగు సమాజం కట్టించిన వెల అది.

దారి మార్చింది యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, అంతకు ముందే యోగమార్గంలో గురువుగా పేరున్నవాడు. క్రైస్తవుడయ్యాక ఆయన తన బంధువుల ఊళ్ళు తిరిగాడు. 1867 జనవరిలో ఒంగోలు నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ వచ్చేసరికి తాళ్ళకొండపాడు చుట్టుపక్కల మనుషులు సిద్ధంగా ఉన్నారు. 28 మందికి బాప్తిస్మమిచ్చాడు. మిషనరీ తర్వాత వచ్చాడు, విశ్వాసం ముందే చుట్టరికాల వెంట నడిచింది. పెట్టిన షరతులు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. వినడానికి చిన్నవి. కాని చచ్చిన పశువును ఎత్తడం, జాతరలో డప్పు కొట్టడం ఊరికి చేయాల్సిన వెట్టిగా ఉన్న రోజుల్లో, ఒక్కో షరతూ ఊరి పెద్దలతో తగాదాయే.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. గంజి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులే.

నైజాం రాజ్యంలో ఈ తరంగం కొంచెం ఆలస్యంగా లేచింది. ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులు 1879లో సికింద్రాబాద్‌లో పని ప్రారంభించారు. 1890ల నడుమ వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌ను కేంద్రం చేసుకున్నాడు. మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఒకరు వెళ్ళకుండా జిల్లాలు పంచుకున్నాయి. మెదక్ వైపు వెస్లియన్లది, బీదర్, వికారాబాద్ వైపు అమెరికన్ మెథడిస్టులది. అప్పట్లో జహీరాబాద్ బీదర్ జిల్లాలోది కాబట్టి అమెరికన్ల భాగంలో పడింది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసే నేల ఇది. బసవన్న బోధించిన కల్యాణ పట్టణం, బీదర్ సూఫీల దర్గాలు పక్కనే. కులం పట్టు నుంచి తప్పించే మార్గాన్ని వెతకడం ఇక్కడి జనానికి మిషనరీలు నేర్పిన విద్య కాదు.

వాడలో బోధకుడు, రాత్రిబడి, పాట, ఈ మూడూ కలిసే పని చేశాయి. చదవడం రాని పెద్దలు కీర్తనల ద్వారా, ఇంటింటికీ వెళ్ళి బైబిలు చెప్పే స్త్రీల నోట విన్న కథల ద్వారా నేర్చుకున్నారు. పిల్లలు పలక పట్టారు. ఆస్తీ హోదా మారకపోయినా, తమ పేరు ఒక పుస్తకంలో ఎక్కడం, కింద కూర్చోబెట్టకుండా ఒకరు ఇంటికొచ్చి మాట్లాడడం సామాన్యమైన మార్పు కాదు.

1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ పొందిన మెదక్ చర్చి కరువు కాలపు కూలితో లేచింది. అందుకే "బియ్యం క్రైస్తవులు" అన్న నింద దాని నీడలోనే తిరుగుతుంది. ఆ నింద న్యాయం కాదు. మిషన్ సహాయం ముగిసిన తర్వాత కూడా తరతరాలుగా నిలిచిన సంఘాలను అది వివరించలేదు. గౌరవం కోరుకోవడమూ ఆకలి తీరాలనుకోవడమూ ఆధ్యాత్మికత కాదనడానికి, ఆ రెండూ ఎన్నడూ లోటుపడని వారికే సాహసం ఉంటుంది. అయితే వాడ మొత్తం చేరినప్పుడు కొందరు పేరుకే చేరారన్నదీ నిజం. పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ మెదక్ పల్లెల మీద 1968లో వెలువరించిన అధ్యయనం, క్రైస్తవ కుటుంబాల్లో పాత గ్రామదేవతల భయాలూ ఆచారాలూ కొనసాగిన తీరును దాపరికం లేకుండా చెప్పింది. మాల, మాదిగ తేడా కూడా చర్చి లోపలికి వచ్చింది.

వికారాబాద్ దగ్గర ధారూర్‌లో ఏటా నవంబర్‌లో జరిగే మెథడిస్టు జాతర, కొత్త విశ్వాసమూ స్థానిక ఆచారమూ కలిసిన తీరుకు మంచి సాక్ష్యం. అమెరికా మెథడిస్టుల అరణ్య కూటాలు, తెలంగాణ జాతర ఒకే మైదానంలో కలిశాయి. పొరుగు రాష్ట్రాల నుంచి కూడా కుటుంబాలు వచ్చి గుడారాలు వేసుకుంటాయి, వంటలూ మొక్కులూ ప్రార్థనలూ పక్కపక్కనే సాగుతాయి.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు వెస్లియన్లు అందులో చేరారు, అమెరికన్ మెథడిస్టులు చేరలేదు. అందువల్లే మెదక్ చర్చి సి.ఎస్.ఐ. కింద, జహీరాబాద్ వైపు సంఘాలు మెథడిస్టు చర్చి కింద ఉన్నాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో జహీరాబాద్ మెదక్ జిల్లాకు మారినా ఈ గీత చెరగలేదు. 1981లో భారతదేశపు మెథడిస్టు చర్చి స్వతంత్రమైంది.

చట్టం వేరే గీత గీసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా వర్తించదు. రాష్ట్రంలో వారు వెనుకబడిన తరగతుల సి గ్రూపులోకి వస్తారు, అక్కడి రిజర్వేషన్ ఒక్క శాతమే. దాంతో చాలా కుటుంబాలు కాగితం మీద హిందువులుగా, ఆదివారం చర్చిలో క్రైస్తవులుగా బతుకుతున్నాయి. అందుకే జనాభా లెక్కల్లో కనిపించే క్రైస్తవుల సంఖ్యకూ, ఈ ప్రాంతపు చర్చిల్లో కూర్చునే మనుషుల సంఖ్యకూ పొంతన కుదరదు.