జ్వరము దింపిన మాత్ర

బిడ్డ ఒళ్లు కాలుచున్నదన్న చాలు, ఇంటిల్లిపాదికి నిద్రయుండదు. లంకణములు, కషాయములు, తడిగుడ్డ: మన పెద్దలెరిగిన ఉపాయములివి. వేడిని కొలుచుటయు సులభము కాదు. 1867లో ఆంగ్ల వైద్యుడు ఆల్‌బట్ 6 అంగుళముల ఉష్ణమాపకమును రూపొందించు వరకు, అడుగు పొడవు గొట్టమును 20 నిమిషములు ఆనించి యుంచవలసి వచ్చెడిది. ఏడ్చు పసివానితో అదెట్లు సాగెనో!

1899లో ఆస్పిరిన్ అంగడికెక్కెను. జ్వరము చప్పున దిగుచుండుటచే పిల్లలకును దానినే నమ్మితిమి. 1963లో సిడ్నీ నగర శిశువైద్యశాలలోని డగ్లస్ రై 21 మంది బిడ్డల వృత్తాంతమును ప్రకటించెను. జలుబు, జ్వరము వంటి స్వల్ప రుగ్మత వెనుకనే వాంతులు, మూర్ఛలు, స్మృతి తప్పుట. మెదడు వాచి, కాలేయమున క్రొవ్వు చేరుట. 17 మంది దక్కలేదు. హేతువు ఆయనకు అంతుపట్టలేదు. ఆస్పిరిన్‌పై అనుమానము బలపడుటకు 1980 దాక పట్టినది. 1986లో బ్రిటనులో 12 ఏండ్ల లోపు వారికి దానిని మాన్పించిరి. అమెరికాలో సీసాలపై హెచ్చరిక ముద్రింపించిరి. ఆ వ్యాధి మిక్కిలి అరుదైపోయెను.

నేడు వైద్యులు బిడ్డ బరువును బట్టి పారాసెటమాల్ ఇచ్చెదరు. అదియు అంకెను దింపుటకు గాదు, బాధ తీర్చుటకు. బిడ్డ నీరు త్రాగుచు, ఆడుకొనుచున్నచో మందే వలదందురు. మూడు నెలలు నిండని పసికందుకు 38 సెంటిగ్రేడు డిగ్రీలు తాకినచో మాత్రము, అర్ధరాత్రియైనను ఆసుపత్రికే కొనిపొమ్మందురు.